ఫారంలో కుక్కకు గడి లేదు

గుంటూరులో కూర్చుని మిరపకాయను అనుమానించిన మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆయన మా డాక్టరుగారు. ఊళ్ళో సగంమంది మిరపకాయ పండిస్తారు, మిగతా సగం అమ్ముతారు, తినడం మాత్రం అందరూ తింటారు. అలాంటి చోట, మూత్రాశయంలో పుట్టే క్యాన్సరుకు కారమే కారణమని ఆయన తేల్చేశారు. తేల్చడం ముందు జరిగింది, పరిశోధన తర్వాత మొదలైంది. ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు ఇది వింతగా అనిపించవచ్చు. అనిపించకపోతే ఇంకా విచారం.

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్త. ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు, చీరాల మా గుంటూరు జిల్లాలోనే ఉండేది. నాకు ఇరవై రెండేళ్ళు. ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. వచ్చిన సీసాలో ఉన్నదాన్ని కొలిచి, తేర్చి, కాచి, కాగితం మీద రాయడం నా పని. "మావాడు సైంటిస్టు" అని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఏ ద్రవం మీద సైంటిస్టో చెప్పుకునేవారు కాదు.

ల్యాబులో మేము ముగ్గురం. డాక్టరుగారు, నేను, సీసాలు కడిగే అటెండరు. డాక్టరుగారు నిజాయితీపరుడు, కోపిష్టి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆసుపత్రిలో ఇద్దరే ఉండేవారు, వాళ్ళ కథనాలు కలిసేవి కావు. అటెండరు నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఏ రోగి వచ్చినా "ఈయన పోతాడు" అనేవాడు. చాలాసార్లు ఆ మాట నిజమయ్యేది, ఎందుకంటే గడువు చెప్పేవాడు కాదు. నా సంగతి చెప్పాలంటే, ఎవరు గంభీరంగా మాట్లాడినా దానికి ఎక్కడో ఒకచోట సూది గుచ్చితేగాని నాకు తోచేది కాదు. ఆ నోటివల్ల నాకు రావలసిన ప్రమోషన్లు ఆలస్యంగా వచ్చాయి. ఈ కథ మాత్రం దానివల్లే వచ్చింది.

కారం మీద పరిశోధనకు డాక్టరుగారు స్వయంగా ఒక ఫారం తయారుచేశారు. నిండా గడులు. రోజుకు ఎన్ని మిరపకాయలు, పచ్చివా ఎండువా, ఊరగాయ ఎన్ని పూటలు, చుట్టలు ఎన్ని, మజ్జిగ ఉందా లేదా. నింపే పని నాది. దర్శి వైపునుంచి వచ్చిన ఒక రైతును "రోజుకు ఎన్ని మిరపకాయలు?" అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "మేం తినేయా, పురుగు తినేయా?" అన్నాడు. ఒక పెద్దావిడ "లెక్కపెట్టుకుని కూర జేసే ఇల్లు కూడా ఒక ఇల్లేనా నాయనా?" అని నన్ను జాలిగా చూసింది. నేను గడిలో పది అని రాశాను. అందరికీ పదే రాసేవాణ్ణి. శాస్త్రానికి ఒక అంకె కావాలి గదా.

అలాంటి రోజుల్లో చీరాలనుంచి ఒక అద్దకం మేస్త్రి వచ్చాడు. నేతగాళ్ళ నూలుకు రంగులు అద్దే పని. యాభై దాటిన మనిషి, మోచేతులదాకా ఎర్రగా, అక్కడినుంచి పైకి మామూలుగా ఉన్నాడు. నాలుగు నెలలనుంచి మూత్రంలో నెత్తురు పడుతోంది. నొప్పి లేదు గనక ఊరుకున్నాడు.

"నెత్తురని ఎట్టా తెలిసింది?" అన్నాను ఫారం ముందు పెట్టుకుని.

"ముప్పయ్యేళ్ళనుంచి ఎరుపులోనే బతుకుతన్నా అబ్బాయ్. ఏ ఎరుపు ఏదో నాకు తెలవదా? ఇది మన రంగు డబ్బా ఎరుపు గాదు."

"రోజుకు ఎన్ని మిరపకాయలు?"

"నేను కారం తినను. కడుపులో మంట."

నా కలం ఆగిపోయింది. ఆ గడిలో సున్నా వేయడం అదే మొదటిసారి. మేస్త్రి లేచి వెళ్ళబోతూ, తలుపు దగ్గర తిరిగి, "మా కుక్క గూడా ఇట్టాగే ఎర్రగా పోస్తంది అబ్బాయ్. దానికేదన్నా మందుంటే ఇయ్యరాదా, ఎటూ వచ్చా గదా," అన్నాడు.

"దాన్నీ తీసుకురండి. పక్క మంచం వేయిద్దాం," అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట ఫారంలో రాయలేదు. ఫారంలో కుక్కకు గడి లేదు.

మధ్యాహ్నం టీ దగ్గర ఇదొక జోకుగా చెప్పాను. మేస్త్రి నడకా, కుక్క నడకా రెండూ అభినయించి మరీ చెప్పాను. అటెండరు "కుక్క కూడా పోతుంది" అన్నాడు. వెనకనుంచి డాక్టరుగారి గొంతు వినిపించింది.

"నవ్వడం అయిందా? అయితే రేపు పొద్దున బండికి చీరాల వెళ్ళు. ఇద్దరి శాంపిళ్ళూ పట్టుకురా."

"ఇద్దరంటే సార్..."

"మనిషిదీ, కుక్కదీ."

డిగ్రీ పుచ్చుకున్నవాడు కుక్క మూత్రం కోసం తెనాలిలో బండి మారాలని ఏ యూనివర్సిటీలోనూ ముందుగా చెప్పరు.

చీరాలలో మేస్త్రి ఇల్లు కనుక్కోవడం తేలిక. వీధి కాలవ ఏ రంగులో పారుతోందో చూసుకుంటూ ఎగువకు నడిస్తే చాలు. పెరట్లో పొయ్యిల మీద రాగి బానలు, వాటిలో ఉడుకుతున్న రంగునీళ్ళు, ఆరబెట్టిన నూలు చిలపలు వెదురు కర్రలనుంచి వేలాడుతున్నాయి. వాటి కింద కుక్క పడుకుని ఉంది. తెల్లగా పుట్టినట్టుంది పాపం. వీపు మీద పసుపు, తోక మీద నీలం. పనివాళ్ళతోపాటు మేస్త్రి అల్లుడు కూడా ఉన్నాడు, ఆర్నెల్ల కిందట పెళ్ళయి అత్తారింటికే పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు.

మేస్త్రి తన సీసా అయిదు నిమిషాల్లో ఇచ్చాడు. కుక్క ఇవ్వలేదు. నేను పొడుగాటి కర్రకు గరిటె కట్టుకుని దాని వెనకాల తిరిగాను. అది కూర్చుంటే కూర్చున్నాను, లేస్తే లేచాను. గంటలో వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చేసింది.

"గవర్నమెంటోళ్ళు కుక్క ఉచ్చకి మనిషిని పంపారంటమ్మా!"

"ఏం జేస్తారంట దాంతో?"

"మందులో కలుపుతారంట. అందుకే మొన్న నాకిచ్చిన మందు అంత చేదుగా ఉంది."

"ఏరా బాబూ, ఎందాకా చదివావ్?" అని ఒక ముసలాయన అడిగాడు.

"బీయస్సీ అండి."

"ఇంకో నాలుగేళ్ళు చదివితే ఆవు దగ్గరికి పంపేవాళ్ళేమో గదరా."

చివరికి మేస్త్రి భార్యకే నామీద జాలి కలిగింది. "నువ్వట్టా ఎగాదిగా జూస్తా ఉంటే అది పోస్తదా నాయనా? నువ్వయితే పోస్తావా?" అని గరిటె నా చేతిలోంచి లాక్కుంది. నన్ను అటు తిరగమంది. ఎప్పుడూ అది వెళ్ళే వెదురు గుంజ దగ్గర నిలబడి, నూలు పిండుతున్నట్టు నటించింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

ఇక నా తప్పు. సీసాల మీద అంటించే చీటీలు నా సంచిలోనే ఉన్నాయి. జిగురు వెతకడానికి బద్ధకించాను. ఈలోగా ఆవిడ, చిలపలు ఎవరివో గుర్తు తెలియడానికి నూలు పోగు కట్టినట్టే, సీసాల మెడలకు పోగులు కట్టేసింది. "ఎర్రపోగు మా ఆయనది. తెల్లపోగు దానిది. మరిచిపోవుగా?" అంది. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. చెడిపోకుండా రెండింట్లోనూ స్పిరిటు పోసి, బిరడాలు బిగించి, సంచిలో పెట్టుకున్నాను.

బిరడాలు సరిగా బిగుసుకోలేదు. గుంటూరు వచ్చి సంచి తెరిచేసరికి స్పిరిటు కారి, రెండు పోగులూ ఒకదాన్నొకటి అంటుకుని తడిసి ఉన్నాయి. రెండూ ఎర్రగా ఉన్నాయి. ఒకదానికొకటి తీసిపోకుండా, కవలపిల్లల్లా.

అటెండరు వంగి చూశాడు. "నువ్వు పోతావు," అన్నాడు.

డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పావుగంట మాట్లాడారు, అందులో ఇక్కడ రాయదగినవి "నువ్వు", "ల్యాబు", "సిగ్గు" అనే మూడు మాటలు. ఆ పోగులను కవరులో పెట్టి, నా నిర్లక్ష్యానికి సాక్ష్యంగా ఫైలులో ఉంచమన్నారు. వచ్చే వారమే ఆయన డాక్టర్ల సభలో కారం మీద వ్యాసం చదవాలి. అందుకే ఆయన కోపానికి తోడు తొందర కూడా ఉంది.

మూత్రాశయం గోడలోంచి రాలిన కణాలు మూత్రంలో కొట్టుకొస్తాయి. వాటిని అడుగుకు తేర్చి, గాజుపలక మీద పూసి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తాం. ఒకరకంగా మేమూ అద్దకం పనివాళ్ళమే, మాది కొంచెం చిన్న బాన. రెండు పలకలకూ రంగు వేసి, ఒకటి, రెండు అని అంకెలు వేసి ఇచ్చాను. డాక్టరుగారు గంటసేపు కళ్ళు తీయలేదు. ఒకటి చూసి రెండు, రెండు చూసి ఒకటి.

"ఇలా రా. చూడు. ఇందులో కుక్కది ఏది?"

చూశాను. రెండింట్లోనూ అవే కణాలు. ఉబ్బిన, వంకరటింకర కేంద్రకాలు, గుంపులు గుంపులుగా. ఆరోగ్యంగా ఉన్న కణాలు వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా ఉంటాయి. ఇవి బడి వదిలాక పిల్లల్లా ఉన్నాయి.

"తెలియడం లేదు సార్."

"నాకూ తెలియడం లేదు." కుర్చీలో వెనక్కి వాలారు. "ఏ సీసా ఎవరిదైనా ఒకటే. ఇద్దరికీ క్యాన్సరే. ఆయన్ని వెంటనే మద్రాసు పంపి ఆపరేషను చేయించాలి. గడ్డ ఇంకా పైపైనే ఉన్నట్టుంది. ఆలస్యమైతే గోడలోకి దిగుతుంది. అప్పుడిక ఎవరూ ఏమీ చేయలేరు."

ఊరుకోవలసిన సమయం అది. నేను ఊరుకోలేదు. "ఫారం పూర్తిచేయాలంటే ఒక గడి మిగిలింది సార్. ఆ కుక్క రోజుకు ఎన్ని మిరపకాయలు తింటుందని రాయమంటారు?"

అటెండరు సీసా కడగడం ఆపేశాడు. డాక్టరుగారు నన్ను చూశారు. సొరుగు లాగి, సభలో చదవవలసిన వ్యాసం తీసి, మొదటి పేజీ మీద శీర్షికను ఒక్క గీతతో కొట్టేశారు. పేజీ చింపలేదు, విసరలేదు. ఆయన్ని నేను గౌరవించడం ఆ గీత దగ్గర మొదలైంది.

"ఆ మనిషీ, ఆ కుక్కా కలిసి ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో చూడాలి. పద, ఇద్దరం వెళ్దాం," అన్నారు.

మేము పెరట్లో అడుగుపెట్టేసరికి మేస్త్రి బాన దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తలూపి, పని ఆపకుండా, కుడిచేతి చూపుడువేలు ఎర్రటి రంగునీళ్ళలో ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కాలవలోకి ఉమ్మాడు. "గుప్పెడు," అన్నాడు. పనివాడు గుప్పెడు ఉప్పు బానలో వేశాడు. మేస్త్రి కిందికి దించిన చేతిని కుక్క వచ్చి శ్రద్ధగా నాకింది. తర్వాత కాలవ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది.

డాక్టరుగారు గబగబా బాన దగ్గరికి వెళ్ళారు. "ఏమిటండీ మీరు చేసింది?" అన్నారు.

"ఉప్పు జూశానయ్యా. ఉప్పు సరిపోకపోతే నూలు రంగు పట్టదు."

"ఎన్నేళ్ళనుంచి?"

"నాలిక తిరిగిన కాణ్ణుంచి. మా నాయన జూసేవాడు, మా తాత జూసేవాడు. వాళ్ళకేం గాలేదే?"

"మీ తాత బానలో ఏముండేది?"

"చిరువేరు, నీలిమందు. ఇప్పుడంతా డబ్బాలే గదా."

నాకు అంతా అర్థమయిందని చెప్పుకోను. ఒక్కటి మాత్రం అర్థమయింది. తాత బానలో ఉన్నది చెట్టు వేరు, మనవడి బానలో ఉన్నది ఫ్యాక్టరీ పొడి. నాలుక ఒక్కటే మారలేదు. మేము అన్ని గడులు గీసి మనిషి ఏం మింగుతాడో అడిగాం గాని, ఏం ఉమ్ముతాడో అడగలేదు.

ఇలాంటి రంగుల పొడులమీద అనుమానాలున్నాయనీ, ఇతర దేశాల్లో కుక్కలకు తినిపించి చూశారనీ డాక్టరుగారు చెప్పారు. రుచి చూడటం ఈ క్షణమే ఆపాలనీ, మద్రాసు వెళ్ళి ఆపరేషను చేయించుకోవాలనీ చెప్పారు. మేస్త్రి మర్యాదగా విన్నాడు.

"మీరు పెద్దోళ్ళు, కాదనను. కానీ నేను మద్రాసు పోతే ఈ బానలెవరు జూస్తారు? నలభై మగ్గాలకి నూలు ఇక్కణ్ణుంచే పోవాల. అబ్బాయికి నాలిక నేర్పుతన్నా. పండక్కి కుదురుద్ది. అప్పుడు పోతాలే."

అల్లుడు సిగ్గుపడుతూ నాలుక బయటపెట్టి చూపించాడు. ఎర్రగా ఉంది.

"పండగ దాకా ఆగితే మీరు ఉండరు," అన్నారు డాక్టరుగారు. "మీ అల్లుడిదీ ఇదే దారి."

"డాక్టరుగారూ, ఈ వాడకట్టులో నా ఎరుపు నీళ్ళలో కారిందని ఒక్కరు... ఒక్కరు అన్నారేమో అడగండి. ఈ నాలిక వల్లే గదా. దీన్నే మానమంటే ఎట్టా?"

మేస్త్రి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. పనివాళ్ళు నేల చూస్తున్నారు. నాటకంలో అయితే ఇక్కడ హార్మోనియం వాయించేవారు. నాకు ఏడుపు రావలసిన చోట మాట వచ్చింది, ఎప్పట్లాగే.

"మీ ఎరుపు కారింది మేస్త్రిగారూ."

మేస్త్రి చేతిలోని పని ఆపి తలెత్తాడు.

"ఎవడన్నాడు?"

డాక్టరుగారి చేతిలోని ఫైలులోంచి కవరు తీశాను. నా నిర్లక్ష్యానికి సాక్ష్యం. రెండు పోగులూ ఆయన అరచేతిలో పెట్టాను. "ఇది మీ ఆవిడ కట్టిన ఎర్రపోగు. ఇది తెల్లపోగు. బండిలో తడిశాయి."

ఆయన వాటిని వేళ్ళ మధ్య నలిపాడు. వెలుగులో పట్టి చూశాడు. భార్యకు చూపించాడు, ఆవిడ తలూపింది. గడ్డ ఉందన్నప్పుడు చలించని మనిషి బాన పక్కన ఉన్న పీట మీద కూలబడ్డాడు.

"నాలిక పోయిందే," అన్నాడు భార్యతో.

తడిసింది నీళ్ళతో కాదు, స్పిరిటుతో. స్పిరిటు తగిలితే మహా మేస్త్రి రంగు కూడా ఊడివస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, డాక్టరుగారికీ తెలుసు. నేను ఆయన వైపు చూశాను. నిజాయితీపరుడు, కోపిష్టి అయిన ఆ మనిషి కొంచెం దగ్గి ఊరుకున్నారు.

"మరి ఉప్పు ఎట్టా జూసేది?" అన్నాడు అల్లుడు నెమ్మదిగా. సరైన ప్రశ్న ఆ రోజు అడిగింది ఆ కుర్రాడొక్కడే.

దానికి జవాబు ల్యాబులో, నా బల్ల మీదే ఉంది. పొడుగు మెడ ఉన్న చిన్న గాజు బుడ్డి, అడుగున పాదరసం, మెడ మీద గీతలు. నీళ్ళలో వేస్తే నిటారుగా తేలుతుంది. నీళ్ళు చిక్కనైతే పైకి లేస్తుంది, పల్చనైతే మునుగుతుంది. మూత్రం చిక్కదనం కొలవడానికి దాన్ని రోజుకు నలభైసార్లు వాడేవాణ్ణి. ఉప్పునీళ్ళకు అది పనికిరాకుండా పోతుందా? మర్నాడు అటెండరు దాన్ని ఏడుసార్లు కడిగి, "పగిలినవి" జాబితాలో చేర్చాడు. జాబితాకు పెంకులు కూడా చూపించాలి గనక ఇంకేదో సీసా పెంకులు జత చేశాడు. దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని చీరాల తీసుకువెళ్ళాను, డాక్టరుగారు కూడా వచ్చారు.

బుడ్డిని మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది దేనికి వాడతారు?"

"నీళ్ళు ఎంత చిక్కగా ఉన్నాయో చూడటానికి," అన్నాను. అది అబద్ధం కాదు.

కప్పుతో రంగునీళ్ళు తీసి, చల్లార్చి, బుడ్డి వేశాం. ఏ గీత దగ్గర ఉప్పు సరిపోయినట్టో చెప్పాల్సింది మేస్త్రి నాలుకే. వేరే మార్గం లేదు. ఆ రెండు నిమిషాలూ డాక్టరుగారు అటు తిరిగి, ప్రహరీ గోడ మీద ఊడిన సున్నాన్ని ఎంతో ఆసక్తిగా పరిశీలించారు. మేస్త్రి వేలు ముంచాడు, నాలుక మీద పెట్టుకున్నాడు, ఉమ్మాడు. "ఇదే," అన్నాడు. అల్లుడు గీతలు లెక్కపెట్టి "పద్దెనిమిది" అన్నాడు. వెంటనే ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, మొగుడి చేత పదిసార్లు పుక్కిలింపించింది, చంటిపిల్లాడి చేత పుక్కిలింపించినట్టు.

ఆ వారంలోనే ఆయన మద్రాసు బండెక్కాడు. గడ్డ ఇంకా గోడలోకి దిగలేదు. కోసి, కాల్చి తీసేశారు. కుక్కకు మద్రాసు లేదు. అది ఆ వేసవిలోనే పోయింది. అటెండరు అన్న మాటల్లో అంత త్వరగా నెరవేరింది ఆ ఒక్కటే.

డాక్టరుగారు సభలో రెండు పేజీలు చదివారు. "ఒక మనిషి, ఒక కుక్క. ఇది రుజువు కాదు, అనుమానం. కానీ అడగవలసిన ప్రశ్న," అని ముగించారు. సభలో ఒకే ఒక్కాయన లేచి, "మరి ఆ రోగి కారం ఎంత తినేవాడు?" అని అడిగాడు. మిరపకాయ నిర్దోషిగా విడుదలైంది. ఊళ్ళో ఎవరూ దండ వేయలేదు, అరెస్టయిన సంగతే వాళ్ళకు తెలియదు గనక.

రెండేళ్ళ తర్వాత ఎవరిదో పెళ్ళికి చీరాల వెళ్ళి, మేస్త్రి ఇంట్లో ఆగాను. మనిషి చిక్కాడు గాని బాగున్నాడు. మూడు నెలలకోసారి మద్రాసు వెళ్ళి చూపించుకుంటున్నాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చింది.

"అబ్బాయ్, మద్రాసులో నాకు సూది పొడిచే ముందు దూది తడిపి చేతికి రాశారు," అన్నాడు మేస్త్రి. "ముప్పయ్యేళ్ళ రంగు, దూదికొచ్చేసింది. అదేందమ్మా అంటే స్పిరిటు అంది నర్సు. నీ సంచి గూడా ఆ వాసనే వచ్చింది ఆ రోజు."

మజ్జిగ నాకు పొలమారింది.

"ఆ మర్నాడు నీ గాజు బుడ్డిని గూడా అక్కడే చూశాలే. నా ఉచ్చ సీసాలోనే తేలతా ఉంది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"నా రంగు కారలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ బుడ్డి ఎక్కణ్ణుంచొచ్చిందో నీకు తెలుసు, నాకు తెలుసు. మా అల్లుడికి ఈ రెండూ తెలిస్తే బుడ్డి పారేసి మళ్ళీ నాలిక పెడతాడు. నోరు మూసుకుని మజ్జిగ తాగు."

పెరట్లో అల్లుడు కప్పులో నీళ్ళు చల్లార్చి బుడ్డి వేశాడు. "పదహారు మామా!" అని కేకేశాడు. మేస్త్రి కూర్చున్న చోటునుంచే "గుప్పెడు!" అన్నాడు. గుప్పెడు పడింది. మేస్త్రి చూపుడువేలు అలవాటు చొప్పున నోటిదాకా లేచింది. అక్కడ దానికి పనేమీ లేదని గుర్తొచ్చినట్టుంది, మీసం దువ్వి కిందికి దిగింది.

"పద్దెనిమిది!" అని వినిపించింది పెరట్లోంచి.